బీదకుటుంబములకు రావలసిన సాయము: దానిని తెలిసికొను విధము

మన పరపతి సంఘముల లెక్కపుస్తకములలో ఏ సభ్యుడు సంఘమునకు ఎంత బాకీయున్నాడో పైసలతో సహా వ్రాయబడియుండును. అసలెంత, వడ్డీ యెంత, వాయిదా యెప్పుడు, జామీను ఎవరు అను వివరములన్నియు గుమాస్తా క్షణములో చెప్పగలడు. కాని ఆ సభ్యుని కుటుంబమునకు ప్రభుత్వమువలన గాని బీమా కంపెనీలవలన గాని రావలసినది యేమైన నున్నదా యని యడిగినచో, జవాబు చెప్పు పుట మన పుస్తకములలో నెక్కడను లేదు. ఈ లోపమునుగూర్చి యీ నెల పాఠమున కొంత వ్రాయదలచితిమి.

మా సంఘములో జరిగిన యొక సంగతి మొదట చెప్పెదము. ఇందలి తప్పు మాదే గనుక దాచవలసిన పని లేదు. సభ్యులలో నొక కౌలురైతు జ్వరముతో పదునొకండు దినములు బాధపడి మరణించెను. కర్మలు ముగిసిన పిమ్మట ఆయన భార్య తమ్ముని వెంటబెట్టుకొని సంఘమునకు వచ్చినది. బ్యాంకు పాసుపుస్తకమును, సంఘపు రసీదులను ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చినది. "అయ్యా, పంట చేతికి రాలేదు. వాయిదా కొంచెము పొడిగించండి" అని యామె వేడుకొనినది. పంచాయతుదారులు ఆలోచించి ఆరు మాసములు గడువిచ్చిరి. గొప్ప ఉపకారము చేసితిమని మేమందరము సంతోషపడితిమి. పాసుపుస్తకమును చూచితిమి గాని అందులో నిలువ యెంతయున్నదని మాత్రమే చూచితిమి.

ఏడు మాసములు గడచిన తరువాత గడువు దాటినదని యామెను మరల పిలిపించినప్పుడు, పంచాయతుదారులలో నొకరు ఆ పుస్తకమును తిరగవేయుచు మే నెలలో రెండు చిన్న మొత్తములు ఖర్చు పడియుండుట గమనించిరి. ఒకటి 436 రూపాయలు. రెండవది 20 రూపాయలు. ఆ రెండును బీమా రుసుములు. మృతుడు తెలిసి సంతకము చేసెనో, ఖాతా తెరచినప్పుడు ఎవరో చేయించిరో తెలియదు. ఏమైనను ఆయన పేర 2 లక్షల రూపాయల జీవిత బీమా ఉండినది. ఏడు మాసములు ఆ సంగతి ఎవరికిని తెలియదు. మరణమును పంచాయతీలో నమోదు చేయింపలేదు గనుక ఆ సర్టిఫికెట్టు తెచ్చుటకే మరి రెండు మాసములు పట్టినది. చివరకు సొమ్ము వచ్చినది. కాని యీ లోపల ఆమె పాడిగేదెను అమ్ముకొని పిల్లల ఫీజులు కట్టినది. మరల గేదెను కొనుటకు అమ్మిన ధరకు మించి యియ్యవలసివచ్చెను.

కావున మరణము సంభవించిన యింటినుండియే ప్రారంభించెదము. మొదట చేయవలసినది నమోదు. 1969 వ సంవత్సరపు జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము మరణమును 21 దినములలోపల తెలుపవలెను. అట్లు తెలిపినచో రుసుము లేదు. 30 దినములు దాటినచో పై యధికారి యనుమతి కావలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. దుఃఖములో నున్న యింటివారికి ఈ గడువులు జ్ఞాపకముండవు. ఇరుగుపొరుగువారును సంఘమువారును జ్ఞాపకము చేయవలెను. సర్టిఫికెట్టులో పేరు వ్రాయించునప్పుడు ఆధారు కార్డునందును బ్యాంకు పుస్తకమునందును ఎట్లున్నదో అట్లే వ్రాయించుడు. మనలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరియొకచోట ఒంటి అక్షరముగా నుండుట వాడుక. మనకది యొకే మనిషి. కచేరీలో కాగితములు చూచువానికి ముగ్గురు మనుష్యులు. ఎన్నియో అర్జీలు ఈ చిన్న భేదమువలననే తిరిగి వచ్చుచున్నవి.

పైన చెప్పిన రెండు బీమాలును 2015 మే నెలలో ప్రారంభింపబడినవి. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా యనునది 18 మొదలు 50 ఏండ్లలోపు చేరినవారికి. ఏ కారణమున మరణించినను వారసునకు 2 లక్షలు చెల్లును. దీని రుసుము 2022 జూను నుండి సంవత్సరమునకు 436 రూపాయలు. క్రొత్తగా చేరినవారు మొదటి 30 దినములలో మరణించినచో, ప్రమాదమువలన నైతేనే గాని సొమ్ము రాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యనునది 18 మొదలు 70 ఏండ్లవరకు గలవారికి ప్రమాద మరణమునకు మాత్రమే వర్తించును. రుసుము 20 రూపాయలు. ప్రమాదమున రెండు కండ్లు గాని, రెండు చేతులు గాని, రెండు కాళ్లు గాని పూర్తిగా పోయినను 2 లక్షలు ఇత్తురు. ఒక కన్ను గాని ఒక చేయి గాని ఒక కాలు గాని పోయినచో లక్ష.

రైతులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పాముకాటు, చెట్టుపైనుండి పడుట మొదలగునవి కూడ ప్రమాదములే. అయితే ఆసుపత్రి కాగితము సాక్ష్యముగా నుండవలెను. పాము కరచినవానిని మంత్రగానియొద్దకు గొనిపోయి, అక్కడ ప్రాణము పోయిన పిమ్మట దహనము చేసినచో, ప్రాణముతోపాటు సాక్ష్యము కూడ పోవును. విషమునకు విరుగుడు మందు ఆసుపత్రిలోనే యున్నది గనుక ప్రాణరక్షణకైనను మొదట అక్కడికే పోవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండు రుసుములును ప్రతి సంవత్సరము మే మాసాంతమున ఖాతానుండి తమంతట తామే తీసికొనబడును. ఆనాటికి ఖాతాలో 456 రూపాయలు లేనిచో బీమా ఆగిపోవును. వేసవిలో చేతిలో పైకము ఆడని కాలమునకే యీ వాయిదా వచ్చుట కొంత చిక్కే. సంఘమువారు మే 20 వ తేదీకి ముందు దండోరా వేయించినచో ఎంతో మేలు. ఒక మనిషికి రెండు మూడు బ్యాంకులలో ఖాతాలుండి అన్నిటనుండియు రుసుము పోయినను బీమా మాత్రము ఒక్కటే వర్తించును. అట్టివారు ఒకటి యుంచి తక్కినవి మానుకొనవలెను.

దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములో 18 మొదలు 59 ఏండ్లలోపు వయస్సుగల ముఖ్య సంపాదనపరుడు మరణించినచో, జాతీయ కుటుంబ సహాయ పథకము క్రింద ఒక్కసారిగా 20,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. 2012 కు పూర్వము ఇది 10,000 గా నుండెను. సంపాదించునది స్త్రీయైనను వర్తించును. దీనిని గూర్చి విన్నవారు పల్లెలలో బహుస్వల్పము. తెలంగాణమున పట్టాదారు పాసుపుస్తకము గల రైతులకు 2018 ఆగస్టు 15 న రైతుబీమా ప్రారంభమైనది. 18 మొదలు 59 ఏండ్ల రైతు ఏ కారణమున మరణించినను 5 లక్షలు చెల్లించుటయు, రుసుము ప్రభుత్వమే కట్టుటయు దీని యేర్పాటు. పథకము మంచిదే. కాని పాసుపుస్తకమే ఆధారము గనుక కౌలురైతు దీనికి వెలుపల నిలిచిపోయెను. పొలములో నాగలి పట్టినవాడొకడు, పుస్తకములో పేరున్నవాడొకడు ఐనప్పుడు, సాయము పుస్తకమువైపే పోవుచున్నది. ఇది సవరింపదగినదని మా యభిప్రాయము.

భర్త పోయిన స్త్రీకి పింఛను విషయము అందరికిని కొంత తెలిసినదే. ఆంధ్రప్రదేశమున వృద్ధులకును, భర్త పోయిన స్త్రీలకును ఇచ్చు పింఛను 2024 లో నెలకు 4,000 రూపాయలకు పెంచబడినది. తెలంగాణమున ఆసరా పింఛనులు 2014 లో ప్రారంభమై 2019 లో 2,016 రూపాయలైనవి. ఆంధ్రప్రదేశమున చేనేతవారు, గీతకార్మికులు, మత్స్యకారులు మొదలగువారికి 60 ఏండ్లవరకు ఆగనక్కరలేదు. 50 ఏండ్లకే అర్హత కలదు. వయస్సు సరిపోలేదని ఊరకున్నవారు ఈ మాట గమనింతురు గాక.

ఇక బియ్యము సంగతి. 1983 లో ఆంధ్రప్రదేశమున కిలో 2 రూపాయల బియ్యము వచ్చినప్పుడు దానిని ప్రభువుల దయగా జనులు తలచిరి. నేటి స్థితి వేరు. 2001 లో పౌరహక్కుల ప్రజాసంఘమువారు రాజస్థానపు కరవును పురస్కరించుకొని సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. ఆ సంవత్సరము నవంబరు 28 న కోర్టువారు ఆహారపథకములను ప్రజల హక్కులుగా పరిగణించి ఉత్తరువు లిచ్చిరి. 2013 లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చినది. ప్రాధాన్య కుటుంబములకు తలకు నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు ధాన్యము ఇయ్యవలెనని అందులో నున్నది. 2023 జనవరి 1 నుండి ఈ ధాన్యమునకు వెల లేదు. తెలంగాణమున రాష్ట్రప్రభుత్వము మరియొక కిలో చేర్చి తలకు 6 కిలోలు ఇచ్చుచున్నది.

ఇయ్యవలసిన ధాన్యము ఇయ్యలేనిచో దానికి బదులు భత్యము చెల్లింపవలెననియు ఆ చట్టమున నున్నది. ఇంటిలో 18 ఏండ్లు నిండిన స్త్రీలలో పెద్దయామెయే కార్డు విషయమున కుటుంబమునకు యజమానురాలు. దుకాణదారుడు "ఈ నెల సరకు అయిపోయినది" అన్నప్పుడు తలవంచుకొని తిరిగి వచ్చుట మన వాడుక. అట్లు రాక, ఎందుచేత అయిపోయినదని యడుగుట ఆమె హక్కు. 1967 అను సంఖ్యకు టెలిఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. జిల్లాలో ఫిర్యాదుల పరిష్కారాధికారియు, రాష్ట్రమున ఆహార కమిషనును ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది.

వ్రేలిముద్ర పడకపోవుట మరియొక బాధ. కలుపుతీతలో, మిరప కోతలో అరిగిన వ్రేళ్లు యంత్రమునకు ఆనవు. ముసలివారి గతి మరియు కష్టము. 2017 సెప్టెంబరులో ఝార్ఖండు రాష్ట్రపు సిమ్‌డేగా జిల్లాలో 11 ఏండ్ల బాలిక మరణించినది. ఆధారుతో ముడివేయని కారణమున ఆ కుటుంబపు కార్డు తొలగింపబడినదనియు, బిడ్డ ఆకలితో పోయినదనియు తల్లి చెప్పినది. మలేరియా యని అధికారులు చెప్పిరి. ఆ మరుసటి నెలలోనే కేంద్ర ఆహారశాఖవారు, ఆధారు లేదనియో ముద్ర పడలేదనియో ఎవరికిని ధాన్యము నిరాకరింపరాదని రాష్ట్రములకు వ్రాసిరి. కావున ముద్ర పడనప్పుడు కంటిపాప గుర్తు, టెలిఫోనుకు వచ్చు సంఖ్య మొదలగు వేరు మార్గములున్నవని దుకాణదారునకు జ్ఞాపకము చేయవలెను. అప్పటికిని ఇయ్యనిచో తేదీ వేసి వ్రాసియుంచుకొనవలెను. తేదీ లేని ఫిర్యాదునకు బలము లేదు.

వలసపోవువారికి ఒక మంచి సంగతి. పాలమూరునుండి బొంబాయి, పూనాలకును, అనంతపురమునుండి బెంగుళూరునకును, శ్రీకాకుళమునుండి చెన్నపట్టణమునకును కూలికి పోవువారు కార్డును ఊరిలో పెట్టెలో భద్రము చేసి పోవుచున్నారు. ఆ యవసరము లేదు. దేశమంతట ఒకే కార్డు అను ఏర్పాటు 2019 లో మొదలై 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వ్యాపించినది. ఇంటియందు మిగిలిన ముసలివారు తమ భాగమును ఊరిలో తీసికొనవచ్చును. పోయినవారు తమ భాగమును పోయినచోట తీసికొనవచ్చును. అయితే రాష్ట్రప్రభుత్వము తన ఖర్చుతో ఇచ్చిన కార్డు ఇతర రాష్ట్రమున చెల్లదు. కేంద్రచట్టము క్రింద నమోదైన కార్డే చెల్లును. మన కార్డు ఏ తరగతిదో బయలుదేరుటకు ముందే అడిగి తెలిసికొనుట మేలు.

"సొమ్ము మంజూరైనది, కాని మాకు ముట్టలేదు" అను మాట తరచుగా వినుచున్నాము. దీనికి ఎక్కువగా కనబడు కారణ మొకటి చెప్పెదము. ప్రధానమంత్రి కిసాను క్రింద రైతుకు సంవత్సరమున మూడు వాయిదాలుగా వచ్చు 6,000 రూపాయలు, గర్భిణీస్త్రీకి మొదటి కాన్పున వచ్చు 5,000 రూపాయలు మొదలగునవి ఖాతా సంఖ్యనుబట్టి గాక ఆధారు సంఖ్యనుబట్టి పోవుచున్నవి. ఆ సంఖ్య చివరగా ఏ బ్యాంకునకు ముడిపడెనో ఆ బ్యాంకునకే సొమ్ము చేరును. మనవారు ఎప్పుడో ఏదో అవసరమునకు తెరచి మరచిన ఖాతాలో రెండేండ్ల సొమ్ము ఊరకపడియున్న సందర్భములు కలవు. సొమ్ము రానప్పుడు మొదట "నా ఆధారు ఏ బ్యాంకునకు ముడిపడియున్నది?" అని బ్యాంకులో అడుగవలెను. దీనికి అర్జీ యక్కరలేదు.

ఇక అడుగు విధమునుగూర్చి. నోటిమాటగా అడిగినదానికి నోటిమాటయే జవాబు. "రేపు రండి" అను మాటకు సాక్ష్యము లేదు. కావున ఏ విషయమైనను అర్జీ వ్రాసి యిచ్చి రసీదు తీసికొనవలెను. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2 న గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. తెలంగాణమున మీసేవా కేంద్రములున్నవి. రెండు చోట్లను అర్జీకి సంఖ్య ఇత్తురు. ఆ సంఖ్యయే రసీదు. అక్కడ పని కానిచో సోమవారమునాడు జిల్లా కలెక్టరు కచేరీలో జరుగు ఫిర్యాదుల దినమునకు పోవచ్చును. ఒక దినపు కూలి, బస్సు చార్జీ పోవును గనుక ఒకే ఊరివారు నలుగురి అర్జీలను ఒకరు గొనిపోవుట లాభము.

అర్జీ కదలనప్పుడు 2005 వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ఉపయోగపడును. ఇది యేదో పట్టణవాసులకును పత్రికలవారికిని సంబంధించినదని మనవారి తలంపు. అది సరికాదు. తెల్లకాగితముమీద ఈ రీతిని వ్రాసిన చాలును:

"ఫలానా మండల కచేరీ ప్రజాసమాచార అధికారిగారికి. నేను ఫలానా తేదీన ఫలానా సాయమునకు అర్జీ యిచ్చితిని. దాని సంఖ్య ఇది. ఆ అర్జీపై నేటివరకు ఏ తేదీన ఏ హోదాగల ఉద్యోగి ఏమి చర్య తీసికొనెనో తెలుపగోరుచున్నాను. నిరాకరింపబడియున్నచో కారణమును, ఆ యుత్తరువు నకలును ఇప్పింపగోరుచున్నాను."

ఇందులో కోపపుమాట యొక్కటియు నక్కరలేదు. 30 దినములలో జవాబు రావలెను. 2005 నాటి ఆంధ్రప్రదేశపు నిబంధనలలో గ్రామస్థాయి కచేరీలకు రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆ పైవానికి 10 రూపాయలు అని యున్నది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుజువు జతపరచినచో ఏ రుసుమును అక్కరలేదు. జవాబు రానిచో 30 దినములలో అదే శాఖయందలి పై యధికారికి మొదటి అప్పీలును, అచ్చటను కానిచో 90 దినములలో రాష్ట్ర సమాచార కమిషనునకు రెండవ అప్పీలును చేసికొనవచ్చును. మా యనుభవమున అప్పీలుదాక పోవలసివచ్చినవి తక్కువ. ఏ ఉద్యోగియొద్ద కాగితము నిలిచినదని వ్రాతమూలముగా అడిగిన పదిదినములలోనే చాల కాగితములు కదలినవి.

కోర్టు వ్యవహారము తప్పనప్పుడు ప్లీడరు ఫీజు భయముతో ఊరకుండనక్కరలేదు. 1987 వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, అంగవికలురకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయసహాయము చేయుదురు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసి అడుగవచ్చును.

దళారులనుగూర్చి రెండు మాటలు. "కచేరీలో నాకు తెలిసినవారున్నారు, వేయి రూపాయలిచ్చిన పింఛను చేయించెదను" అనువాడు ప్రతి యూరనున్నాడు. రావలసియున్న పింఛను వచ్చినప్పుడు ఆ కీర్తి వాడు తీసికొనును. రానప్పుడు వేయి రూపాయలు తిరిగి రావు. టెలిఫోనులో బ్యాంకువారమని చెప్పి, వచ్చిన సంఖ్యను చెప్పుమనువాడు ఇంతకంటె ప్రమాదకారి. ఏ బ్యాంకువారును ఆ సంఖ్యను అడుగరు. మన యింటి స్త్రీలకును ముసలివారికిని ఈ మాట మరల మరల చెప్పియుంచవలెను.

పింఛను గాని బీమా సొమ్ము గాని వచ్చినదని తెలిసిన వెంటనే సంఘబాకీకి జమకట్టుమని తొందరపెట్టుట కొన్ని సంఘములలో వాడుకగా నున్నది. బాకీ బాకీయే, వసూలు చేయవలసినదే. కాని నెలతిండికి ఇచ్చిన సొమ్మును గుమ్మమునొద్దనే పట్టుకొనినచో, ఆ కుటుంబము మరల వడ్డీవ్యాపారిగడప ఎక్కును. ఏ గడప మాన్పించుటకు సంఘము పుట్టెనో ఆ గడపకే పంపినట్లగును. ఈ విషయమున పంచాయతుదారులలో భేదాభిప్రాయములున్నవి. మా మాట మేము చెప్పితిమి.

పైన చెప్పిన తప్పు జరిగిన పిమ్మట మా సంఘములో నొక చిన్న పుస్తకము పెట్టితిమి. ప్రతి సభ్యునకు ఒక పుట. ఇంటిలో ఎందరు, ఎవరి వయస్సెంత, బియ్యపు కార్డులో ఎందరి పేర్లున్నవి, క్రొత్తకోడలి పేరును పుట్టిన బిడ్డ పేరును చేరినవా, బీమా రుసుము ఏ ఖాతానుండి పోవుచున్నది, వారసుడుగా ఎవరిని చూపినారు అను సంగతులు అందులో వ్రాయుదుము. ఆధారు సంఖ్యను మాత్రము వ్రాయము. అది మన పుస్తకములో నుండవలసినది కాదు. మొదటి నలువది యిండ్లు వ్రాయునప్పటికే, వారసుడుగా చాల యేండ్లక్రిందట పోయిన తండ్రిపేరున్న ఖాతాలు మూడు కనబడినవి.

తక్కిన యిండ్ల పుటలు వచ్చే నెల సర్వసభ్య సమావేశపు దినమున వ్రాయబడును. వచ్చునప్పుడు ఇంటిలోని పాసుపుస్తకములన్నియు, బియ్యపు కార్డును, ఇదివరకు ఏదేని అర్జీ యిచ్చియున్నచో దాని రసీదును తెచ్చుకొనవలెను. స్త్రీలు తామే వచ్చుట మంచిది, కార్డు వారి పేరననే యున్నది గనుక. చదువురానివారి కాగితములను మేము చదివి చెప్పెదము.